పాత ఏకాండ బొబ్బిలి వీణ: కొనేముందు ఏం చూడాలి?

తానం_వర్ణం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఒక పాత బొబ్బిలి వీణ అమ్మకానికి వచ్చింది. అరవై డెబ్భై ఏళ్ల నాటిదనీ, ఏకాండమనీ (అతుకు లేకుండా ఒకే మానులో చెక్కినదనీ) అమ్మేవారి మాట. కాగితాలేమీ లేవు. కొత్త ఏకాండ వీణ ధరకి ఇంచుమించు రెట్టింపు అడుగుతున్నారు.

పైకి కనిపించినవి ఇవి. మేళం (మెట్లని పట్టి ఉంచే మైనం) ఎండి బీటలు వారింది, ఆరేడు మెట్లు ఊగుతున్నాయి. పంచమం, అనుమంద్రం తీగల బిరడలు (తీగలు బిగించే మేకులు) నిలవడం లేదు. గుర్రానికి (తీగలు ఆనే వంతెనకి) ముందువైపు పలక మీద, అంటే కుండని మూసే పైచెక్క మీద, నాలుగంగుళాల సన్న చీలిక ఉంది. కుండ (నాదం పలికే గుండ్రటి బోలు భాగం) అంచునా దండి (మెట్లుండే పొడుగు మెడ) అంచునా తెల్లటి పొదుగు పని ఉంది, అసలు దంతమని చెబుతున్నారు. తీగలు తుప్పు పట్టాయి, నాదం ఎలా ఉందో తెలియలేదు.

మేళం మళ్లీ కట్టిస్తే చాలా, ఇంకేమైనా ఖర్చుందా? చెక్క పాతబడేకొద్దీ నాదం పెరుగుతుందంటారు, ఈ ధరకి అది న్యాయమేనా? ఇంకో సంగతి, వీణ చివరికి చేరాల్సింది న్యూజెర్సీలో ఉన్న అమ్మాయి దగ్గరికి.

---

పనస_చేవ

మేళం, మెట్లు, తీగలు, బిరడలు, గుర్రం మీది రేకు అన్నీ మార్చుకునే సామానే. వాటి స్థితి చూసి బేరం ఆడండి గానీ, వాటిని బట్టి కొనాలా వద్దా అని తేల్చుకోకండి. పాత వీణలో నిజంగా పాతది ఆ పనస మాను ఒక్కటే. కుండ, దండి, పలక. ఈ మూడూ బాగుంటే తక్కినవన్నీ మనిషి చేతిలో పని.

ముందు అది ఏకాండమేనా చూడండి. కుండ దండిని కలిసేచోట పైన పట్టీ, చెక్కుడు పని ఉంటాయి కాబట్టి అతుకు అక్కడ దాక్కుంటుంది. వీణని మెత్తటి దుప్పటి మీద బోర్లించి కింది భాగం చూడండి. ఏకాండమైతే చెక్క చారలు కుండ మీంచి దండిలోకి తెగకుండా సాగిపోతాయి. అతుకైతే చారలు ఒకచోట ఠక్కున ఆగి, వేరే దిక్కున వేరే రంగులో మొదలవుతాయి. పై పలక ఏకాండంలో కూడా వేరే చెక్కే, దాన్ని చూసి కంగారు పడొద్దు.

వయసు సంగతి. పనస కొత్తలో పసుప్పచ్చగా ఉండి, గాలీ వెలుతురూ తగిలి ఏళ్ల మీద ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. పైన రంగు పూసి పాతదానిలా చూపించడం కష్టమేం కాదు. పలక మీది రంధ్రాల్లోంచి ఫోను లైటు వేసి లోపల చూడండి. బయటంతా ముదురు కాఫీ రంగులో ఉండి లోపల ఇంకా పచ్చగా మెరుస్తుంటే, చెప్పిన వయసు నమ్మక్కర్లేదు. లోపల లేత రంగు అంచులు కనిపిస్తే అది చేవ కాదు, మెత్తచెక్క. పురుగు పట్టేది అక్కడే. సూదిమొన బెజ్జాలు ఉన్నంత మాత్రాన భయం లేదు, ఎప్పుడో పట్టి వదిలేసి ఉండొచ్చు. వీణ కింద నల్ల కాగితం పరిచి నాలుగు రోజులు కదపకుండా ఉంచమనండి. కాగితం మీద మైదాలాంటి పొడి రాలితే లోపల పురుగు బతికే ఉన్నట్టు. అలాంటిదాన్ని నేనైతే ఏ ధరకీ తీసుకోను.

ఇక దండి వంగిందా లేదా. మెట్ల మీద దారం లాగి చూస్తే మోసపోతారు, ఎందుకంటే మేళం కట్టేవారు వంపుని మైనంలోనే సర్దేస్తారు. దారం దండి చెక్క వెంబడే, పక్క అంచుకి ఆనించి, మేరువు (బిరడల వైపు తీగలు ఆనే కమ్మీ) దగ్గర్నుంచి కుండ దాకా బిగించి నడుమ ఎంత సందు వస్తుందో చూడండి. ఇంకో గుర్తు మైనంలోనే ఉంది. మొదటి మెట్టు దగ్గరా ఇరవైనాలుగో మెట్టు దగ్గరా మైనం గోడ పొట్టిగా ఉండి, పది పన్నెండు మెట్ల దగ్గర ఎత్తుగా ఉంటే, తీగల లాగుడుకి దండి లోపలికి వంగిందని, ఎవరో దాన్ని మైనంతో పూడ్చారని అర్థం. ఒకటి రెండు మిల్లీమీటర్లైతే ఆ సర్దుబాటుతో హాయిగా వాయించుకోవచ్చు. అంతకు మించితే నడిమి మెట్ల కింద మైనం మరీ ఎత్తై, గట్టిగా గమకం లాగినప్పుడు మెట్టు పక్కకి ఒరుగుతుంది. ఏకాండంలో దండి మార్చడం కుదరదు. అతుకుల వీణకి ఉన్న సౌకర్యం ఇదొక్కటే.

పలక చీలిక చారల వెంబడే ఉండి, గుర్రం కాళ్ల కిందికి పోకపోతే పెద్ద జబ్బు కాదు. గుర్రం అటూ ఇటూ వేలి కణుపుతో తట్టి వినండి. ఒకచోట ఠంగుమని, ఇంకోచోట తడక మీద కొట్టినట్టు గరగరమంటే పలక కుండ అంచు నుంచి ఊడి ఉంటుంది. చీలికని వడ్రంగి వజ్రంతో (తోళ్లు ఉడికించి తీసే జిగురుతో) అతికించమనండి. వేడి నీటి ఆవిరికి అది మళ్లీ వదులుతుంది, రేపు ఎవరైనా పలక ఎత్తాలంటే చెక్క పాడవదు. ఎపాక్సీ పోస్తే ఆ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. తెల్ల జిగురు లాగుడు మీద మెల్లగా సాగుతుంది, పైగా అది ఇంకిన చోట మరే జిగురూ పట్టదు.

పాలిష్ కూడా చూడండి. కనపడని మూల దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దండి. జిగటగా మారితే పాతకాలపు లక్క పాలిష్. ఏమీ కాకపోతే ఈ మధ్య పాలియురేతేన్ కొట్టారు. పలక మీద అది మందంగా ఉంటే నాదం అణిగిపోతుంది, గీకి తీయించడం అదనపు ఖర్చు.

---

కంచుమెట్టు

పైన చెప్పినదానికి మేళం సంగతి కలుపుతాను.

మేళమంటే తేనె మైనంలో మసిగానీ మెత్తటి బొగ్గుపొడిగానీ కలిపిన ముద్ద. కొందరు కాస్త గుగ్గిలం వేస్తారు. పాళ్లు ఎవరి చేతివాటం వారిది. పొడి ఎక్కువైతే ఎండి బీటలు వారుతుంది, తక్కువైతే వేసవిలో మెట్లు దిగబడతాయి. తేనె మైనం 62–64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది గానీ, మెత్తబడడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మే నెలలో ఎండలో ఆగిన కారులో వీణ పెడితే మేళం పోయినట్టే. చవగ్గా కానిచ్చేవారు కొవ్వొత్తి మైనం కలుపుతారు, అది చలికి పెళుసెక్కుతుంది. చిన్న ముక్క గిల్లి వేళ్ల మధ్య నలిపితే తెలిసిపోతుంది. మంచిది వంగి, సాగి, ఆ తర్వాత తెగుతుంది. చెడ్డది పలుకులు పలుకులుగా విరుగుతుంది.

మీ వీణకి ఊగుతున్న ఆరేడు మెట్లనే వేడి చేసి అతికిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాత మైనంలో దుమ్మూ చేతి నూనే కలిసిపోయి ఉంటాయి, కొత్త మైనం దాన్ని పట్టుకోదు. మొత్తం 24 మెట్లూ తీసి, అంకెలు వేసి పెట్టుకుని, పాతదంతా చెక్క కనబడేదాకా గీకి, కొత్తగా కట్టాలి. మెట్ల వీపు మీద తీగలు కోసిన గాట్లు ఉంటాయి, ముఖ్యంగా సారణి (ఎక్కువగా వాయించే మొదటి తీగ) కింద, మధ్య స్థాయి మెట్ల మీద. గోటితో తడిమితే గోరు ఆగేటంత గాటైతే ఆకురాయితో చదును చేసి, 400, 800, 1200 నంబరు ఎమరీ కాగితాలతో వరసగా రుద్ది మెరుగు పెట్టాలి. పాత కంచు మెట్లని పారేసి స్టీలువి వేయమని సలహా ఇచ్చేవారుంటారు. స్టీలు అరగదు, నిజమే. కానీ సారణి నాదం గరుకుగా వస్తుంది. కంచువి ఉంచుకోండి.

మెట్ల స్థానాలు చెవితో కుదర్చాలి, అయినా లెక్క తెలిసి ఉంటే పని సరిగా జరిగిందో లేదో పట్టుకోవచ్చు. మేరువు నుంచి గుర్రానికి 80 సెంటీమీటర్లు ఉందనుకుందాం. మొదటి మెట్టు మేరువుకి సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. పన్నెండోది సగానికి, 40 దగ్గర. ఇరవైనాలుగోది గుర్రానికి 20 దగ్గర. చివరి రెండు మెట్ల మధ్య ఎడం 1.2 సెంటీమీటరే. తీగని నొక్కితే బిగువు పెరిగి స్వరం కాస్త హెచ్చుతుంది, అందుకని అసలు స్థానం ఈ లెక్క కంటే మిల్లీమీటర్ల తేడాతో మేరువు వైపు జరుగుతుంది. అర్ధస్వరాన్ని నూరు సెంట్లనుకుంటే, మొదటి మెట్టు ఒక మిల్లీమీటరు తప్పితే తేడా రెండు సెంట్ల పైచిలుకు, చెవికి ఆనదు. ఇరవైనాలుగో మెట్టు అంతే తప్పితే తొమ్మిది సెంట్లకు దగ్గర, అది బాగా ఆనుతుంది. పని అందుకునేటప్పుడు తారస్థాయి మెట్ల దగ్గర తొందర పడకుండా వినండి. పన్నెండో మెట్టు మీద తీగని ఊరికే తాకి మీటిన స్వరం, నొక్కి మీటిన స్వరం రెండూ ఒకటిగా ఉండాలి.

గుర్రం మీది కంచు రేకు మరచిపోవద్దు. బద్దలైన గొంతులా మోగుతుంటే సగం సార్లు తప్పు దానిదే. తీగల కింద గాడులు పడి ఉంటే రుద్దించాలి, అయితే పూర్తి చదునుగా కాదు. చాలా స్వల్పంగా పైకి ఉబికిన వంపు ఉంటేనే నాదం విచ్చుకుంటుంది. రేకు కింద అతుకు ఊడితే నాదం చచ్చిపోతుంది. రేకుని గోటితో తట్టి చూస్తే తెలుస్తుంది.

బిరడలకి ముందు చవకైన వైద్యం. తీసి, తుడిచి, సుద్దపొడి రాసి, తీగని చివరి చుట్లు గోడ పక్కకి వచ్చేలా చుట్టండి. అప్పుడు తీగ లాగుడే బిరడని లోపలికి పట్టి ఉంచుతుంది. అయినా జారితే రంధ్రం గుండ్రం పోయిందన్నమాట. రంధ్రాన్ని మళ్లీ వాలుగా తురిపించి, లావు రోజ్‌వుడ్ బిరడ దిగొట్టించాలి.

---

జవారీ_వద్దు

నాదం వయసుతో పెరుగుతుందన్నమాట మీద కాస్త చన్నీళ్లు చల్లుతాను, ఏమీ అనుకోకండి.

చెక్క ఎండి, లోపలి పదార్థాలు కొన్ని మెల్లగా విరిగి, తేలికవడం నిజం. కానీ అది వినేవాడి చెవికి ఎంత చేరుతుందన్నది వేరే ప్రశ్న. 2010లో ఇండియానాపొలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం 21 మంది వయొలిన్ విద్వాంసులకి, వాద్యం గుర్తుపట్టే వీల్లేకుండా నల్ల కళ్లద్దాలు పెట్టి, ఆరు వయొలిన్లు ఇచ్చింది. మూడు కొత్తవి, మూడు పేరుమోసిన పాత ఇటలీ వాద్యాలు: రెండు స్ట్రాడివారి, ఒకటి గ్వార్నేరి. ఎక్కువమందికి నచ్చింది కొత్తది, అన్నిటికంటే తక్కువ నచ్చింది ఒక స్ట్రాడివారి. వీణ మీద ఇలాంటి పరీక్ష చేస్తే ఫలితం వేరుగా ఉంటుందని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

గిటార్లకి పాతవాటి మోజు ఎందుకంటే అక్కడ వయసు ఒక్కటే కాదు, ఫ్యాక్టరీ ఎప్పుడు ఏం మార్చిందన్నది లెక్క. మార్టిన్ కంపెనీ 1944 చివర్లో పలక కింది కమ్ములని లోతుగా చెక్కడం మానేసింది, 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వదిలేసింది. ఫెండర్ 1965లో సీబీఎస్ చేతికి పోయింది. సీరియల్ నంబరు చూసి ఏ సరుకో చెప్పేయొచ్చు, అందుకే ధరా స్థిరంగా ఉంటుంది. వీణకి ఫ్యాక్టరీ ఏదీ? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే సర్వసిద్ధి వారు చెక్కినా, నూజివీడులో ఇంకొకరు చెక్కినా, ప్రతి వీణా ఒక మానుని బట్టి, ఒక చేతిని బట్టి వచ్చిందే. ఫలానా సంవత్సరం కాబట్టి ఇంత అనడానికి లేదు. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు ఉన్న మాట నిజమే గానీ, కాగితం లేని పాత వీణ విలువ తేల్చడానికి అది పనికిరాదు.

వైణికులు ఈమని శంకరశాస్త్రి గారి, చిట్టిబాబు గారి రికార్డింగుల్లోని నాదం పాత వీణ కొంటే వచ్చేస్తుందనే ఆశతో చాలామంది కొంటారు. అందులో ముప్పాతిక వంతు వేలిది, మీటుది, మైకుది.

అందుకని వినకుండా డబ్బివ్వకండి. మొత్తం తీగలు అక్కర్లేదు. సారణికి 0.30 మి.మీ. స్టీలు తీగ ఒక్కటి, మంద్రానికి అర మిల్లీమీటరు ఇత్తడి తీగ ఒక్కటి తీసుకెళ్లి కట్టించండి. గట్టిగా ఉన్న మెట్టు మీద మీటి, నాదం ఎంతసేపు నిలుస్తుందో, తగ్గేటప్పుడు ఒక్కసారిగా పడిపోతుందో మెల్లగా సన్నగిల్లుతుందో వినండి. అదే గదిలో కొత్త వీణ కూడా ఉంటే ఇంకా మంచిది.

---

పనస_చేవ

జవారీ గారూ, పరీక్ష సంగతి ఒప్పుకుంటాను. కానీ పాత ఏకాండానికి నాదంతో పనిలేని లాభం ఒకటుంది. అరవై ఏళ్లలో వంగాల్సింది వంగి, చీలాల్సింది చీలి ఉంటుంది. కొత్త వీణకి సరిగా ఆరని మాను వాడితే మొదటి రెండు మూడు వేసవుల్లో పలక విచ్చుకోవచ్చు, దండి తిరగొచ్చు. పాతదాంట్లో తప్పు కళ్లెదుట ఉంటుంది, చూసి బేరమాడొచ్చు. అంతమాత్రానికి రెట్టింపు ధర మాత్రం దండగే.

---

ఓడరేవు_శ్రుతి

మిగతావాళ్లు వదిలేసిన తెల్ల పొదుగు గురించి నేను చెబుతాను. న్యూజెర్సీ అన్నారు కాబట్టి మీ బేరంలో అన్నిటికన్నా పెద్ద సమస్య అదే.

పాత వీణల మీద ఏనుగు దంతమూ ఉంటుంది, జింక కొమ్మూ ఉంటుంది, ఎముకా ఉంటుంది, ప్లాస్టిక్కూ ఉంటుంది. భూతద్దం పెట్టండి. ఎముకైతే సన్నటి నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తాయి. దంతమైతే అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలు వలలా ఉంటాయి. అతినీలలోహిత టార్చి వేస్తే దంతం తెల్లటి నీలంగా వెలుగుతుంది, ప్లాస్టిక్ చాలావరకు మందంగా ఉండిపోతుంది. కాల్చిన సూది పరీక్ష చేయొద్దు, మచ్చ పడుతుంది.

అది నిజంగా దంతమే అయితే, అమ్మేవారు గొప్పగా చెబుతున్నది మీకు చిక్కు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 1986 సవరణతో భారతీయ ఏనుగు దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారం నిషిద్ధమయ్యాయి. ఇంట్లో వారసత్వంగా ఉండడం ఒకటి, డబ్బిచ్చి కొనడం వేరొకటి. కొమ్ముకీ ఈ చట్టం ఉంది. దేశం దాటించాలంటే సైటిస్ (అంతరించే జీవజాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) కాగితాలు కావాలి, ఆసియా ఏనుగు 1975 నుంచీ అందులో మొదటి అనుబంధంలో ఉంది. కాగితం లేకుండా పంపితే అక్కడి కస్టమ్స్ వీణని పట్టుకుంటే తిరిగి రాదు. కొనకముందే అటవీశాఖని అడగండి, లేదా దంతం లేని వీణ చూసుకోండి. పొదుగు పీకేసి ప్లాస్టిక్ వేయిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారుంటారు. పీకిన దంతం కూడా చట్టం దృష్టిలో దంతమే.

చెక్కతో ఈ తంటా లేదు. పనస సైటిస్‌లో లేదు. బిరడల రోజ్‌వుడ్ రెండో అనుబంధంలో ఉంది గానీ, తయారైన వాద్యాలకి 2019 నవంబరు నుంచి మినహాయింపు ఉంది. వీణ వందేళ్లు దాటి ఉండొచ్చని అనుమానముంటే 1972 నాటి పురావస్తువుల చట్టం వస్తుంది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. అమ్మేవారు ధర కోసం వయసు పెంచి చెప్పి, అదే మాట రసీదు మీద రాస్తే మీకే ఇబ్బంది.

ఏకాండం కాబట్టి దండి విప్పడం కుదరదు. విప్పగలిగేది సొరబుర్ర ఒక్కటే, దాన్ని విడిగా కట్టండి. పెట్టె మామూలు లగేజీ కొలత 158 సెంటీమీటర్లు దాటిపోతుంది (పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి), విమానసంస్థతో ముందే మాట్లాడాలి. సామాను గది చలికి మైనం పెళుసెక్కి మెట్లు ఊడతాయి. మెట్ల వరస మీద మెత్తటి గుడ్డ మడిచి, దాని మీద నూలు పట్టీతో వదులుగా కట్టండి. అంటుకునే టేపు వద్దు, మైనం దాంతోపాటే లేచొస్తుంది.

---

తానం_వర్ణం

అందరికీ ధన్యవాదాలు. మళ్లీ వెళ్లి చూశాను. బోర్లించి చూస్తే చారలు తెగలేదు, ఏకాండమే. దండి పక్కన దారం పట్టి చూస్తే నడుమ సందు ఒక మిల్లీమీటరు లోపే. భూతద్దంలో పొదుగు మీద నల్ల చుక్కలున్నాయి, వల గీతలు లేవు. కుండ లోపల ముదురు రంగే. సారణి కట్టించి మీటితే నాదం బాగానే నిలిచింది. మేళం అక్కడే కట్టించి పంపాలా, అమెరికా చేరాక కట్టించాలా? శ్రుతి ఎంతలో పెట్టుకోవాలి? అమ్మాయి పాడేది ఐదు శ్రుతికి.

---

కంచుమెట్టు

చుక్కలంటే ఎముకే అనిపిస్తోంది, అయినా ఓడరేవు గారు చెప్పినట్టు రాతపూర్వకంగా తేల్చుకోండి. మేళం ఇక్కడే కట్టించండి, అక్కడ చేసేవారు దొరకడం కష్టం. కట్టించాక మైనం కుదురుకునేదాకా రెండు మూడు వారాలు రోజూ వాయించి, ఒరిగిన మెట్లు సరిచేయించుకున్నాకే పంపండి. ఎండాకాలంలో పంపకండి.

ఐదు శ్రుతి వద్దు. ఇంత పెద్ద పాత వీణకి మూడు, మహా అయితే నాలుగు శ్రుతి. తీగ అదే ఉంచి అర్ధస్వరం పెంచితే బిగువు పన్నెండు శాతం పెరుగుతుంది, మూడు నుంచి ఐదుకి (మూడు అర్ధస్వరాలు) ఎక్కిస్తే నలభై శాతం పైమాటే. అంత బరువు అతికించిన పలక మీదా, దండి మీదా పడుతుంది. పాటకి ఐదే కావాలంటే సన్న తీగలు వేయాలి, నాదం పలచబడుతుంది. కొత్తగా తీగలు కట్టినప్పుడు కూడా ఒక్క పూటలో పూర్తి శ్రుతికి ఎక్కించకండి. మొదటి రోజు రెండు స్వరాలు తక్కువలో వదిలేసి, వారం మీద పైకి తీసుకురండి.

---

ఓడరేవు_శ్రుతి

ప్రయాణానికి తీగలు రెండు స్వరాలు దించండి, పూర్తిగా వదిలేస్తే గుర్రం కదులుతుంది. గుర్రం కాళ్ల చుట్టూ పెన్సిలుతో సన్నగా గుర్తు పెట్టి, ఫోటో తీసి ఉంచండి. న్యూజెర్సీ చలికాలంలో హీటరు వేసిన ఇంట్లో తేమ 20 శాతానికి పడిపోతుంది, అతికించిన చీలిక మళ్లీ విచ్చుకునేది అప్పుడే. పెట్టెలో చిన్న తేమ మీటరు పెట్టి 45–55 మధ్య ఉంచమనండి. హీటరు గాలి నేరుగా తగిలే గోడ పక్కన వీణ పెట్టొద్దని చెప్పండి. చేరిన రోజే పెట్టె తెరవకుండా, గది వేడికి రావడానికి ఒక పూట అలాగే ఉంచాలి.